పొగ ఊదే తిత్తి

రెండు కార్లు. ఒకటి జర్మనీది, 1973 నాటిది. రెండోది స్వీడన్‌ది, 1977 నాటిది. రెండింటిలోనూ నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజనే. ఒకదాని కొలత 1990 సీసీ, ఇంకోదానిది 1985 సీసీ. రెండూ అప్పటికే కొన్నేళ్లుగా రోడ్ల మీద తిరుగుతున్న మోడళ్లు. కొత్తగా గీసి కట్టినవి కావు, ఉన్న బండికే టర్బో తగిలించినవి. జర్మన్ కారు పేరు బీఎండబ్ల్యూ 2002 టర్బో. దాని శక్తి 170 హార్స్‌పవర్. స్వీడన్ కారు సాబ్ 99 టర్బో. దానిది 145. ఆ ఒక్క అంకే చూసేవాళ్లకు పందెం అక్కడికక్కడే తేలిపోయినట్టు. ఇంజన్ పని తెలిసినవాళ్లు మాత్రం దాని కింద ఉన్న వరుస చూస్తారు. అది ఇరుసును తిప్పే బలం, టార్క్. బీఎండబ్ల్యూకి 240 న్యూటన్ మీటర్లు, నిమిషానికి 4000 చుట్ల దగ్గర. సాబ్‌కి 235, 3000 చుట్ల దగ్గర.

బలం ఇంచుమించు సమానమే. అది చేతికందే చోటు మాత్రం వెయ్యి చుట్లు కిందికి దిగింది. ఆ వెయ్యి చుట్లు దించడంలో ఎంత పనితనం ఉందో, ఏమేం వదులుకుంటే అది సాధ్యమైందో చెప్పాలని చాలాకాలంగా నా మనసులో ఉంది.

ముందు బండి సంగతి. సాబ్ అసలు విమానాలు కట్టడానికి 1937లో పుట్టిన సంస్థ. కార్లు ఆ తరవాత వచ్చాయి, ట్రోల్‌హెట్టన్ అనే ఊళ్లో. 99 మోడల్ 1967 నవంబరులో బయటికొచ్చింది. దాని రూపం గీసిన సిక్స్‌టెన్ సాసన్ ఆ ఏడాదే కన్నుమూశాడు. తను గీసిన కారు జనం ముందుకు రావడం ఆయన చూడలేదు. మొదట్లో దాని ఇంజన్ 1.7 లీటర్లది, బ్రిటన్‌లోని ట్రయంఫ్ నుంచి తెచ్చుకున్నది. నిటారుగా నిలబెట్టకుండా 45 డిగ్రీలు పక్కకి వాల్చి కూర్చోబెట్టారు. అంతేకాదు, ఇంజన్‌ని వెనకముందులు తిప్పి పెట్టారు. క్లచ్ రేడియేటర్ వైపుంటుంది, గేర్‌బాక్స్ ఇంజన్ కిందే ఉంటుంది. క్లచ్ ప్లేటు అరిగితే ఇంజన్ దించే పనే లేదు, బానెట్ ఎత్తి ముందు నుంచే తీసి కొత్తది వేయవచ్చు. మెకానిక్ నడుం గురించి ఆలోచించిన డ్రాయింగు అది. 1972 నుంచి సాబ్ తన సొంత రెండు లీటర్ల ఇంజన్ వేయడం మొదలుపెట్టింది. అది సోడర్‌తాల్యెలో తయారయ్యేది. బోరు 90 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 78.

డెబ్బైల నడిమికి వచ్చేసరికి ఈ కారుకి ఓ చిక్కు ఎదురైంది. దేహం గట్టిది, సీట్లు మంచివి, చలిదేశపు రోడ్లకు తగిన ముందు చక్రాల లాగుడు ఉంది. కానీ పైతరగతి కొనుగోలుదారు ఆరు సిలిండర్ల ఇంజన్ అడుగుతున్నాడు. వాలిన ఇంజనూ, దాని కిందే గేర్‌బాక్సూ ఉన్న ఆ బిగువైన అమరికలో ఆరు సిలిండర్లు ఇరికించాలంటే ముందు భాగమంతా మళ్లీ కట్టాలి. చిన్న సంస్థ, అంత డబ్బు లేదు. ఉన్న ఇంజన్ నుంచే ఇంకొంత బలం పిండుకోవాలి.

ఈ పని నెత్తికెత్తుకున్న వాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు పెర్ గిల్‌బ్రాండ్. స్వీడన్‌లో ఆయన్ని తరవాత ‘టర్బో పెలె’ అని ముద్దుగా పిలుచుకున్నారు. ఆయనతోపాటు బెంగ్ట్ గాడెఫెల్ట్. వాళ్లకి ఇంట్లోనే ఓ పాఠశాల ఉంది. 1969లో సాబ్, లారీలు చేసే స్కానియా కలిసి ఒకే సంస్థ అయ్యాయి. అదే ఏడాది స్కానియా 14 లీటర్ల వీ8 టర్బో డీజిల్‌ని లారీలకి పెట్టింది. 350 హార్స్‌పవర్‌తో అప్పటి యూరప్ లారీల్లో దానికి ఎదురు లేదు. లారీ ఇంజన్ కట్టేవాడికి గరిష్ఠ వేగంతో పని లేదు. నిండు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఎంత లాగుతుందన్నదే అతని ప్రశ్న. కారు ఇంజన్‌కి టర్బో పెట్టే పనిలోకి సాబ్ వాళ్లు తెచ్చుకున్నది ఆ లారీ బుద్ధినే.

హైవే పక్క ఊళ్లలో పెరిగిన మన వాళ్లకి టర్బో అంటే ముందు ఈల. లోడు లారీ ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఇంజన్ హోరు పైన సన్నగా లేచే ఈల అది. లారీ వెనక పెద్ద అక్షరాలతో ‘టర్బో’ అని రాసి ఉండటం చిన్నప్పుడు చదివాం. ఆ ఈల వేసే వస్తువు చూడటానికి నత్తగుల్ల. నిజానికి రెండు నత్తగుల్లలు, వీపుకి వీపు ఆనించినట్టు. మధ్యలో చిటికెన వేలంత ఇరుసు. దాని రెండు చివరలా అరచేతిలో ఇమిడే రెండు చిన్న చక్రాలు. ఇంజన్ వదిలిన వేడి పొగ ఒక గుల్లలోకి దూసుకొచ్చి మొదటి చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం బయటి గాలిని పీల్చి, అదిమి, ఇంజన్‌లోకి తోస్తుంది.

కమ్మరి కొలిమి చూసినవాళ్లకి ఇది సులువుగా బోధపడుతుంది. నిప్పు రాజుకోవాలంటే తిత్తి ఊదాలి. తిత్తి ఊదడానికి ఓ మనిషి కావాలి. ఇక్కడ ఆ మనిషి అక్కర్లేదు. కొలిమి పొగే వచ్చి తిత్తి ఊదుతుంది. మామూలు ఇంజన్‌లో పెట్రోలు వేడిలో సుమారు మూడో వంతు పొగ గొట్టం గుండా వృథాగా పోతుంది. పారేసే ఆ వేడిలోంచి కొంత తిరిగి పనికి పెట్టడమే టర్బో. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి ఈ ఆలోచనకి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. ఓడల్లో, విమానాల్లో, లారీల్లో అది నిలదొక్కుకుంది. ఇంటి ముందు నిలబెట్టుకునే పెట్రోలు కారు దగ్గరే చాలాకాలం మొండికేసింది.

కారణం నాకింగ్. డీజిల్ ఇంజన్‌కి ఎంత గాలి అదిమి పెట్టినా సంతోషమే. పెట్రోలు అలా కాదు. సిలిండర్‌లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం స్పార్క్ ప్లగ్ దగ్గర అంటుకుని, మంట ఒక పద్ధతిగా అవతలి గోడ దాకా పాకాలి. ఒత్తిడీ వేడీ హద్దు దాటితే అవతలి మూల మిగిలిన మిశ్రమం మంట తన దగ్గరికి రాకముందే తనంతట తానే పేలిపోతుంది. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు. అలాగే నడిపితే పిస్టన్ నెత్తి కరుగుతుంది, రింగుల గట్లు విరుగుతాయి, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. టర్బో చేసేదే గాలిని అదమడం. అదిమితే గాలి వేడెక్కుతుంది. అంటే నాకింగ్‌కి కావలసిన రెండు దినుసులూ టర్బో తన చేత్తోనే తెచ్చిపెడుతుంది.

అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ 1962లో జెట్‌ఫైర్ అనే కారులో దీనికి తెలివైన ఉపాయం పన్నింది. ఇంజన్‌లో కంప్రెషన్‌ని, అంటే పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకి అదుముతుందన్న లెక్కని, 10.25 దగ్గరే ఉంచేసి, టర్బో ఒత్తిడి పెరిగినప్పుడల్లా నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని గాలితో పాటు చిలకరించారు. ఆ తడి లోపలి వేడిని లాగేస్తుంది, నాకింగ్ రాదు. ఇంజన్ లెక్కల్లో తప్పు పట్టడానికేమీ లేదు. తప్పిందల్లా మనుషుల లెక్క. ఆ ద్రవం సీసా నింపడం కొన్నవాళ్లు మర్చిపోయారు. సీసా ఖాళీ అయితే ఇంజన్ కాపాడుకోవడానికి ఒత్తిడి తగ్గిపోయేది, బండి మొద్దుబారేది. రెండేళ్లకే ఆ మోడల్ ఆగిపోయింది. చాలా కార్లకి టర్బో ఊడదీసి మామూలు కార్బురేటర్ బిగించి ఇచ్చారు. యజమాని చేత రోజూ ఇంకో పని చేయించే యంత్రం ఇంట్లో నిలవదు. సాబ్ వాళ్లకి ఈ కథ తెలియకుండా ఉండదు.

బీఎండబ్ల్యూ వాళ్లు వేరే దారి పట్టారు. కంప్రెషన్ 6.9కి దించారు, దాంతో నాకింగ్ బెడద తగ్గింది. పెద్ద టర్బో పెట్టారు, దాంతో పై వేగాల్లో ఎంత కావాలంటే అంత గాలి. పందేల మైదానంలో అది సరైన లెక్క. రోడ్డు మీద దానికో మెలిక ఉంది. కంప్రెషన్ దించిన ఇంజన్ టర్బో అందుకునేదాకా మందకొడిగా ఉంటుంది. పెద్ద చక్రం బరువెక్కువ, అది వేగం పుంజుకోవడానికి చాలా పొగ కావాలి. ఆ పొగ ఇంజన్ బాగా తిరిగితే తప్ప రాదు. యాక్సిలరేటర్ తొక్కితే కాసేపు ఏమీ జరగదు, తరవాత వీపు మీద ఎవరో చరిచినట్టు ఒక్కసారిగా దూకుతుంది. ఆ దూకుడంటే ప్రాణమిచ్చేవాళ్లు ఉన్నారు, వాళ్ల ఇష్టాన్ని నేను తక్కువ చేయను. ముందు కారు డ్రైవరు తన అద్దంలో చదువుకోవడానికి వీలుగా బంపర్ కింద ‘టర్బో’ అనే మాటని తిరగేసి రాసిన బండి అది. 1973 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో నిలబెట్టారు, అక్టోబరులో చమురు సంక్షోభం మొదలైంది. మొత్తం 1672 బళ్లు కట్టి ఆపేశారు.

ఇక సాబ్ బల్ల దగ్గరికి వద్దాం. వాళ్లు తీసుకున్న మొదటి నిర్ణయంలోనే మిగతా అన్నీ ఇమిడి ఉన్నాయి. చిన్న టర్బో తీసుకున్నారు. అమెరికాకి చెందిన గారెట్ ఎయిర్‌రిసెర్చ్ చేసిన టీ3. చక్రం చిన్నదైతే తేలిక, కొద్దిపాటి పొగకే లేచి తిరుగుతుంది. ఇంజన్ 3000 చుట్లకి వచ్చేసరికే తిత్తి నిండుగా ఊదుతూ ఉంటుంది.

3000 ఎందుకు? టాప్ గేరులో ఆ కారు గంటకి సుమారు వంద కిలోమీటర్ల మీద పోతుంటే ఇంజన్ తిరిగేది అక్కడే. మనుషులు రోజంతా నడిపే వేగం అది. అడవి మధ్య రెండు వరుసల రోడ్డు, ముందు దుంగలు మోస్తున్న లారీ, ఎదురుగా కాస్త ఖాళీ. ఆ క్షణంలో గేరు మార్చకుండా కాలు నొక్కితే బండి లాగాలి. 235 న్యూటన్ మీటర్లు 3000 చుట్ల దగ్గర అంటే లెక్క కట్టి చూడండి, అప్పటికే వంద హార్స్‌పవర్ చక్రాల వైపు వెళ్తోంది. మామూలు ఇంజన్‌ని చివరిదాకా పిండితే వచ్చేది దానికి కాస్త ఎక్కువ. ఇంకా రెండు వేల చుట్లు మిగిలి ఉండగానే ఇది చేతికొచ్చేసింది.

చిన్న టర్బోకి ఉన్న జబ్బు పై వేగాల్లో బయటపడుతుంది. పొగ ఎక్కువయ్యేకొద్దీ చక్రం అదుపు తప్పి తిరుగుతుంది, ఒత్తిడి హద్దు మీరుతుంది, నాకింగ్ మొదలవుతుంది. దానికి మందు వేస్ట్‌గేట్. పొగ దారిలో ఓ పక్క తలుపు. పల్చని డయాఫ్రం ఒత్తిడిని కనిపెట్టుకుని ఉంటుంది. ఒత్తిడి సుమారు 0.7 బార్‌కి చేరగానే అది స్ప్రింగుని నెట్టి ఆ తలుపు తెరుస్తుంది. మిగులు పొగ చక్రాన్ని తాకకుండా పక్క దారిన సైలెన్సర్‌లోకి పోతుంది. చెరువుకి కలుజు ఉన్నట్టు. నీళ్లు గట్టు మీద నుంచి పొర్లకుండా ఒక ఎత్తుకి రాగానే కలుజు మీదుగా పోతాయి. కలుజు ఎంత ఎత్తులో కట్టాలో తెలిసినవాడే చెరువు కట్టడం తెలిసినవాడు. వేస్ట్‌గేట్ వీళ్ల కొత్త కల్పనేమీ కాదు. దాన్ని ఇంత కింద కట్టి, ఇంత తొందరగా నిండే చెరువుకి జత చేయడమే వీళ్ల పనితనం. ఆ తలుపు ఇరుక్కుపోతే? దానికీ ముందుచూపు ఉంది. ఒత్తిడి ప్రమాదపు గీత దాటితే ఓ స్విచ్చి పెట్రోలు పంపు ఆపేస్తుంది. ఇంజన్ ఒక్కసారి నీరసించి తేరుకుంటుంది, పిస్టన్లు మాత్రం బతికిపోతాయి.

ఈ 0.7 అనే అంకె మీద కాసేపు నిలబడాలని ఉంది. 20 డిగ్రీల గాలిని 0.7 బార్ మేర అదిమితే, ఆ కాలపు కంప్రెసర్ల సామర్థ్యం లెక్కలోకి తీసుకుంటే, అది 90 డిగ్రీలకు అటూ ఇటూగా బయటికొస్తుంది. వేడి గాలి పల్చన. అందుకని ఒత్తిడి 1.7 రెట్లైనా ఇంజన్‌లోకి పోయే గాలి బరువు మామూలుకంటే సుమారు మూడో వంతే ఎక్కువవుతుంది. ఆ వేడి చల్లార్చడానికి ఇంటర్‌కూలర్ పెట్టవచ్చు, తరవాతి సాబ్‌లకి పెట్టారు. ఈ మొదటి బండికి లేదు. ఇంటర్‌కూలర్ లేకుండా, పంపులో దొరికే పెట్రోలుతో, ఏ యజమాని చేతుల్లోనైనా బతకాలంటే ఎంత వరకు అదమవచ్చో అంతే అదిమారు. ఇంకాస్త బిగిస్తే 170 వాళ్లకీ వచ్చేదే. బిగించకుండా వదిలేయడానికి కావలసిన నిబ్బరం వాళ్లకుంది.

లోపలి మార్పులూ ఇదే పద్ధతి. పిస్టన్లు మార్చి కంప్రెషన్‌ని 7.2కి దించారు. దించితే టర్బో లేనప్పటి చురుకు తగ్గుతుందని చెప్పుకున్నాం కదా, చిన్న టర్బో తొందరగా అందుకోవడం వల్ల ఆ మందకొడితనం డ్రైవరుకి తగిలే వ్యవధి తగ్గిపోతుంది. ఒకచోట ఇచ్చినదాన్ని ఇంకోచోట రాబట్టుకున్నారు. ఎగ్జాస్ట్ వాల్వులు ఎక్కువ వేడిని ఓర్చుకునేవి వేశారు. మిగతా ఇంజన్ చాలావరకు అదే.

నన్ను అన్నిటికంటే కట్టిపడేసేది పెట్రోలు కలిపే విధానం. బాష్ వాళ్ల కె-జెట్రోనిక్. ఇందులో కంప్యూటరు లేదు. గాలి లోపలికి వచ్చే దారిలో గుండ్రని రేకు పళ్లెం ఒకటి వేలాడుతుంటుంది. గాలి పోతుంటే ఆ పళ్లెం పైకి లేస్తుంది. ఎంత గాలో అంత లేపు. పళ్లెం ఓ మీటకి, మీట ఓ సన్నటి ప్లంజర్‌కి కలిసి ఉంటాయి. ప్లంజర్ ఎంత జరిగితే నాలుగు ఇంజెక్టర్లకీ అంత పెట్రోలు నిరంతరంగా పోతుంది. తూకం వేసే త్రాసు లాంటిదే. ఒక పళ్లెంలో గాలి, ఇంకో పళ్లెంలో పెట్రోలు. మామూలు కార్బురేటర్ బండికి టర్బో పెట్టాలంటే పడే యాతన పెట్రోలు లెక్కలోనే ఉంటుంది. ఒత్తిడి వచ్చినప్పుడు సరిపడా పెట్రోలు రాక మిశ్రమం పల్చబడుతుంది, పల్చబడ్డ మిశ్రమం ఇంకా వేడిగా మండి పిస్టన్‌కి చిల్లి పెడుతుంది. సాబ్‌లో ఈ త్రాసు టర్బోకి ముందు ఉంది. టర్బో ఎంత గాలి మింగినా అది త్రాసు మీద నుంచే మింగాలి. టర్బో గట్టిగా పీలిస్తే పళ్లెం మరింత లేస్తుంది, పెట్రోలు దానంతటదే పెరుగుతుంది. ఈ కారు అలవాటుగా వాడుకుంటున్న పాత వస్తువు టర్బోకి పుట్టు స్నేహితుడిలా సరిపోయింది. ఆ సరిపోవడాన్ని గుర్తుపట్టడం కూడా పనితనంలో భాగమే.

ఇందులో మెకానిక్కి ఓ హెచ్చరిక ఉంది. త్రాసు దాటిన తరవాత గొట్టాల్లో ఎక్కడ చిన్న చిల్లి పడ్డా తూచిన గాలికీ ఇంజన్‌కి చేరిన గాలికీ లెక్క తప్పుతుంది. పాత సాబ్ సరిగ్గా నడవకపోతే తెలిసినవాళ్లు ముందు టర్బోని విప్పరు. రబ్బరు గొట్టాలు, క్లిప్పులు ఒక్కొక్కటే తడిమి చూస్తారు.

తరవాత ఆయిలు. ఆ చిన్న ఇరుసు నిమిషానికి లక్ష చుట్ల పైన తిరుగుతుంది. ఒక పక్క నిప్పుల పొగ, ఇంకో పక్క మామూలు గాలి, మధ్యలో వేలెడు దూరం. ఆ వేగంలో మామూలు బాల్ బేరింగు నిలవడం కష్టం. ఇరుసు నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది, లోహం లోహాన్ని తాకదు. ఇంజన్ ఆయిలే ఓ సన్నటి గొట్టంలో ఒత్తిడితో వచ్చి ఆ పొర కడుతుంది. బయటికి పోయే గొట్టం మాత్రం చాలా లావుది, నిటారుగా కిందికి దిగేది. ఎందుకంటే బయటికొచ్చే ఆయిలు నురగై ఉంటుంది, దాన్ని నెట్టే ఒత్తిడి ఏమీ ఉండదు, తన బరువుతో తానే జారి కిందికి పోవాలి. సొంతంగా పాత కారుకి టర్బో బిగించాలని చూసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఈ గొట్టం దగ్గరే. చోటు కుదరక ఓ వంపు తిప్పుతారు, ఆయిలు వెనక్కి నిలుస్తుంది, సీలు దాటి పొగ గొట్టంలో పడుతుంది, వెనక నీలి పొగ. టర్బో పోయిందనుకుని కొత్తది తెస్తారు. కొత్తదీ అంతే చేస్తుంది. గొట్టం వంపు చూసి మొత్తం పని ఎలా ఉందో చెప్పేసే మేస్త్రీలు ఉంటారు. వాళ్ల లెక్క నాకు న్యాయంగానే తోస్తుంది.

ఈ బండికి లోపాలు లేవని అనను. ముందు చక్రాలే లాగాలి, అవే తిరగాలి. బలం ఒక్కసారి అందినప్పుడు స్టీరింగు చేతుల్లో గుంజుతుంది. ముక్కు బరువు. టర్బో ఎంత చిన్నదైనా యాక్సిలరేటర్ తొక్కినప్పటికీ బలం అందినప్పటికీ మధ్య ఓ ఊపిరి తీసుకునేంత జాగా మిగిలే ఉంది, అది పూర్తిగా పోలేదు.

అమ్మకానికి పెట్టేముందు వాళ్లు చేసిన పని ఒకటి నాకు మహా ఇష్టం. వంద బళ్లు తయారుచేసి, పరీక్షల మైదానంలో తిప్పి ఊరుకోకుండా, జనం చేతికిచ్చి నడపమన్నారు. అన్నీ కలిసి సుమారు 48 లక్షల కిలోమీటర్లు తిరిగాయి. టర్బో అంటే పేలిపోతుందని, ఆయిలు తాగుతుందని, పందెం బళ్లకి తప్ప పనికిరాదని ఉన్న భయాలకి మాటలతో జవాబు చెప్పలేమని వాళ్లకి తెలుసు. చలిలో స్టార్టు చేసి ఒక కిలోమీటరు పోయి ఆపేసేవాళ్లు, సర్వీసింగ్ మర్చిపోయేవాళ్లు, గేరు మార్చకుండా ఈడ్చేవాళ్లు, అందరి చేతుల్లోనూ అది బతికి చూపించాలి. జెట్‌ఫైర్ నేర్పిన పాఠం ఇక్కడ అక్షరాలా అమలైంది. 1977లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే దీన్నీ నిలబెట్టారు. నాలుగేళ్ల కిందట 2002 టర్బో నిలబడింది ఆ ప్రదర్శనలోనే. తరవాతి కొద్ది ఏళ్లలో పదివేలకి పైగా 99 టర్బోలు రోడ్డెక్కాయి.

1979 స్వీడిష్ ర్యాలీ. స్టిగ్ బ్లామ్‌క్విస్ట్ 99 టర్బోతో గెలిచాడు. ప్రపంచ ర్యాలీ పోటీల్లో టర్బో కారు గెలవడం అదే మొదలు. మంచు మీద నడిపే సాబ్ డ్రైవర్లకి ముందు నుంచీ ఓ అలవాటుంది. కుడికాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీయకుండానే ఎడమకాలితో బ్రేకు వేస్తారు. ముందు చక్రాల బండిని మలుపులో తోక తిప్పడానికి పుట్టిన విద్య అది. టర్బో వచ్చాక దానికి రెండో ప్రయోజనం కలిసొచ్చింది. యాక్సిలరేటర్ వదలకపోతే పొగ ఆగదు, పొగ ఆగకపోతే చక్రం నెమ్మదించదు, మలుపు దాటగానే బలం సిద్ధంగా ఉంటుంది. టర్బో పుట్టకముందే ఆ కాళ్లు దానికి సిద్ధమై ఉన్నాయి.

గిల్‌బ్రాండ్ బృందం అక్కడితో ఆగలేదు. 0.7 దగ్గర కలుజు కట్టేశారని చెప్పాను. అది స్థిరమైన ఎత్తు. మంచి పెట్రోలు పోసినా అంతే, నాసి పెట్రోలు పోసినా అంతే. నాసిది పోసిన రోజు ఇంజన్ బతకాలి కాబట్టి మంచిది పోసిన రోజు కూడా తగ్గి నడవాలి. అనుభవం ఉన్న మెకానిక్ అయితే ఏం చేస్తాడు? చెవి పెట్టి వింటాడు. నాకింగ్ వినిపిస్తే తగ్గిస్తాడు, లేకపోతే ఇంకాస్త పెంచుతాడు. ఆ చెవిని ఇంజన్‌కే పెట్టారు. ఇంజన్ బ్లాకుకి ఓ సెన్సర్ బిగించారు, నాకింగ్ అదురుని వినేది. దాని కబురు ఓ ఎలక్ట్రానిక్ పెట్టెకి, ఆ పెట్టె నుంచి వేస్ట్‌గేట్‌ని నడిపే చిన్న వాల్వుకి. చప్పుడు మొదలవబోతుంటే ఒత్తిడి దించుతుంది, నిశ్శబ్దంగా ఉంటే పెంచుతుంది. దీనికి ఏపీసీ అని పేరు. ఎనభైల మొదట్లో సాబ్ 900 మోడల్ టర్బోలకి వచ్చింది. ఆ ధైర్యంతో కంప్రెషన్‌ని 7.2 నుంచి 8.5కి పెంచగలిగారు. అంటే టర్బో లేనప్పటి చురుకూ తిరిగొచ్చింది, పెట్రోలు ఖర్చూ తగ్గింది. మొదటి బండిలో వదులుకున్నది రెండో అడుగులో వెనక్కి తెచ్చుకున్నారు.

ఇప్పుడు మన వీధిలో నిలబడ్డ చిన్న పెట్రోలు కార్లలో ఎన్నింటి బానెట్ కింద చూసినా ఈ వరుసే. చిన్న ఇంజను, చిన్న టర్బో, తక్కువ చుట్ల దగ్గరే బలం, నాకింగ్ వినే చెవి. వాటిని నడిపేవాళ్లలో చాలామందికి తమ బండికి టర్బో ఉందన్న సంగతే గుర్తుండదు. యాక్సిలరేటర్ తొక్కితే లాగుతుంది, అంతే వాళ్లకి తెలుసు.

మిగిలిన 99 టర్బోలని ప్రాణంలా చూసుకునేవాళ్లు మాత్రం ఒక పాత పద్ధతి పాటిస్తారు. మన లారీ డ్రైవర్లూ అదే చేస్తారు. దూరప్రయాణం నుంచి వచ్చి ఆపగానే తాళం తిప్పేయరు. ఆ తొలి టర్బోలకి చల్లార్చే నీళ్ల గొట్టం లేదు, ఉన్నదల్లా ఆయిలే. ఇంజన్ ఆపితే ఆయిలు ఆగిపోతుంది. ఎర్రగా కాగి ఉన్న గుల్ల మధ్య నిలిచిపోయిన ఆ కాస్త ఆయిలూ మాడి బొగ్గై ఇరుసుకి పడుతుంది. అందుకని ఒకటి రెండు నిమిషాలు ఇంజన్‌ని అలా ఊరికే తిరగనిస్తారు. ఆయిలు పారుతూ వేడిని కొంచెం కొంచెంగా దించుతుంది, చక్రం నెమ్మదిస్తుంది. డ్రైవరు తలుపు తీసి, ఓ కాలు కింద పెట్టి, తాళం మీద చెయ్యి ఉంచి కూర్చుంటాడు.